మీ నాలుకకు సరిపడే కాఫీ గింజ ఏది? ఎంపికకు ఒక మార్గదర్శి

ధౌలా కువాన్ (న్యూఢిల్లీ): కాఫీ గింజల్లో అందరికీ ఉత్తమమైనది అంటూ ఏదీ లేదు. తాగేవారి అభిరుచికి, కాచే పద్ధతికి, కలిపే పాలకు, వాడే నీటికి సరిపడే గింజ మాత్రమే ఉంటుంది. ధర ఎక్కువగా ఉన్న పొట్లమే మేలైనదన్న నమ్మకంతో కొన్నవారు చాలాసార్లు నిరాశ పడుతుంటారు. లోపం గింజలో ఉండకపోవచ్చు. పాలు కలపకుండా తాగవలసిన గింజను పాలలో ముంచడమో, ఫిల్టర్‌కు పనికిరాని మెత్తదనంతో పొడి చేయించడమో అందుకు కారణమై ఉండవచ్చు.

ఢిల్లీలో నివసించే తెలుగువారికి ఈ సమస్య మరింత పరిచితం. తిరుమల తిరుపతి దేవస్థానాల ఆధ్వర్యంలో 1961లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర కళాశాల ధౌలా కువాన్‌లోనే ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయ దక్షిణ ప్రాంగణం ఆ పక్కనే ఉంది. రాజ్యాంగ సభ సభ్యురాలు, ఆంధ్ర మహిళా సభ వ్యవస్థాపకురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరును ఇక్కడి మెట్రో స్టేషన్‌కు పెట్టారు. చదువు కోసం, ఉద్యోగం కోసం ఈ ప్రాంతానికి చేరే తెలుగువారు సొంతూరి నుంచి తెచ్చుకున్న కాఫీ పొడి అయిపోగానే దుకాణాల్లో, అంతర్జాల విపణిలో కొత్త పొట్లాన్ని వెతుక్కోవలసి వస్తుంది. ఊళ్లో దుకాణదారుకు ‘ఎప్పటి పొడే’ అని చెబితే సరిపోయేది. ఇక్కడ ఆ పొడి ఏమిటో పేర్లతో సహా చెప్పగలగాలి.

ధరలు కూడా ఈ ఎంపికను తేలికగా తీసుకోనివ్వడం లేదు. 2025 ఫిబ్రవరిలో అంతర్జాతీయ విపణిలో అరబికా ధర పౌనుకు 4 డాలర్లు దాటింది. నచ్చని పొట్లాన్ని పక్కన పడేసి మరొకటి కొనడం విద్యార్థికైనా, మధ్యతరగతి కుటుంబానికైనా భారమే. కొనే ముందు తెలుసుకోవలసిన అంశాలు ఇవి.

పాలతోనా, పాలు లేకుండానా?

గింజల పేర్ల కంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. పాలలోని కొవ్వు, మాంసకృత్తులు కాఫీలోని చేదును, వగరును తగ్గిస్తాయి. వాటితో పాటు పూల వాసన, పండ్ల పులుపు వంటి సున్నితమైన గుణాలను కూడా కప్పివేస్తాయి. చిక్కని పాలు, చక్కెర కలిపి తాగేవారు పండ్ల రుచులున్న ఖరీదైన లేత వేపుడు గింజను కొంటే, పెట్టిన డబ్బులో పెద్ద భాగం పాలలో కలిసిపోయినట్టే. పాలను దాటుకుని వినిపించాలంటే గింజకు చేదు, చిక్కదనం, వేపుడు వాసన ఉండాలి.

పాలు లేకుండా తాగేవారి విషయం ఇందుకు భిన్నం. ముదురుగా వేయించిన గింజతో చేసిన కాఫీని పాలు లేకుండా తాగితే చేదు తప్ప మరేదీ తెలియకపోవచ్చు. బ్లాక్ కాఫీకి అలవాటు పడాలనుకుని మొదటి వారంలోనే విరమించుకునేవారు ఎక్కువగా ఈ పొరపాటే చేస్తారు. మధ్యస్థంగా వేయించిన అరబికాతో మొదలుపెడితే చక్కెర అవసరం క్రమంగా తగ్గుతుంది.

‘స్ట్రాంగ్’ అన్న మాటకు మూడు అర్థాలు

తెలుగు ఇళ్లలో, హోటళ్లలో కాఫీ గురించి ఎక్కువగా వినిపించే మాట ‘స్ట్రాంగ్’. ఈ ఒక్క మాటతో మనం మూడు వేర్వేరు గుణాలను సూచిస్తున్నాం. కొందరికి స్ట్రాంగ్ అంటే చేదు. కొందరికి నోటినిండా తెలిసే చిక్కదనం. మరికొందరికి నిద్ర పోగొట్టే కెఫీన్. ఈ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడినవి కావు. చేదు ప్రధానంగా వేపుడు వల్ల వస్తుంది. చిక్కదనం గింజ జాతిని, పొడికీ నీటికీ మధ్య ఉన్న నిష్పత్తిని, చికోరీని బట్టి మారుతుంది. కెఫీన్ ముఖ్యంగా జాతి మీద, వాడిన పొడి పరిమాణం మీద ఆధారపడుతుంది. నల్లగా వేయించిన గింజలో కెఫీన్ ఎక్కువన్నది అపోహ. దుకాణంలో ‘స్ట్రాంగ్ పొడి ఇవ్వండి’ అని అడిగితే ఏదో ఒకటి దొరుకుతుంది గాని, కోరుకున్నదే దొరుకుతుందన్న హామీ లేదు.

పొట్లాల మీద కనిపించే ‘ఎసిడిటీ’ అన్న మాట మరింత తికమక పెడుతుంది. తెలుగులో ఆ మాట వినగానే కడుపులో మంట గుర్తుకొస్తుంది. కాఫీ పరిభాషలో దాని అర్థం వేరు. నారింజ తొన, పచ్చి ద్రాక్ష, ఉసిరిక తిన్నప్పుడు నాలుక అంచుల్లో తెలిసే చురుకైన పులుపు అది. దానికి ‘పులుపు’ అన్న తేట తెలుగు మాటే సరిపోతుంది. ‘హై ఎసిడిటీ’ అని రాసి ఉంటే కడుపుకు చెరుపు చేస్తుందని కాదు, పండ్ల పులుపు ప్రస్ఫుటంగా ఉంటుందని అర్థం చేసుకోవాలి. ‘బాడీ’ అంటే నోటికి తెలిసే చిక్కదనం. నీళ్ల మజ్జిగకూ, గిలక్కొట్టిన చిక్కటి మజ్జిగకూ ఉన్న తేడా లాంటిది అది.

అరబికా, రోబస్టా

ప్రపంచ విపణిలో దొరికే కాఫీ దాదాపు అంతా ఈ రెండు జాతులదే. అరబికాలో కెఫీన్ సుమారు 1.2 శాతం ఉంటే, రోబస్టాలో దాదాపు రెట్టింపు ఉంటుంది. అరబికాలో తీపి, పులుపు, పరిమళం ఎక్కువ. రోబస్టాలో చేదు, చిక్కదనం ఎక్కువ. మన దేశంలో అరబికాను సాధారణంగా సముద్రమట్టానికి 1,000 మీటర్లు, ఆపై ఎత్తున్న కొండల్లో పెంచుతారు. రోబస్టా అంతకంటే దిగువన, వేడిని, తెగుళ్లను తట్టుకుని పెరుగుతుంది. దేశంలో పండే కాఫీలో సుమారు 70 శాతం రోబస్టాయే.

‘100 శాతం అరబికా’ అన్న ముద్రను నాణ్యతకు గుర్తుగా చూడటం పరిపాటి. అది జాతిని చెబుతుందే తప్ప నాణ్యతను కాదు. నిర్లక్ష్యంగా ఎండబెట్టిన అరబికా కంటే శ్రద్ధగా కడిగి ఆరబెట్టిన రోబస్టా ఎంతో మేలు. పాల కాఫీకి, ఎస్ప్రెసోకు కొంత రోబస్టా కలపడం వల్ల చిక్కదనం, నురుగు పెరుగుతాయి. భారతీయ రోబస్టాకు విదేశాల్లో గిరాకీ ఉండటానికి ఇదొక కారణం.

ఏ కొండల గింజ?

మన దేశంలో కాఫీ చరిత్ర కర్ణాటకలోని చిక్కమగళూరు కొండల్లో మొదలైందని చెబుతారు. 17వ శతాబ్దంలో బాబా బుడాన్ అనే సూఫీ సాధువు యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చి నాటారన్నది ప్రసిద్ధ కథనం. నేటికీ దేశంలోని ఉత్పత్తిలో సుమారు 70 శాతం కర్ణాటకదే. కేరళ, తమిళనాడు ఆ తరువాతి స్థానాల్లో ఉన్నాయి.

తెలుగు నేలకూ కాఫీతో శతాబ్దానికి మించిన అనుబంధం ఉంది. 1898లో నాటి గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో తొలి మొక్కలు నాటారు. ఆ తరువాత సాగు విశాఖ మన్యానికి విస్తరించింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, పాడేరులోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ, చింతపల్లి సమీపాన ఆర్.వి. నగర్‌లో ఉన్న కాఫీ బోర్డు ప్రాంతీయ పరిశోధన కేంద్రం ఈ విస్తరణలో పాలుపంచుకున్నాయి. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో నేడు లక్షకు పైగా ఆదివాసీ కుటుంబాలకు కాఫీ జీవనాధారంగా ఉంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, వాటి మీదికి పాకించిన మిరియాల తీగల నడుమ, ఎక్కువగా ఎకరా రెండెకరాల చిన్న కమతాల్లో ఈ సాగు జరుగుతుంది.

2019లో కూర్గ్ అరబికా, వయనాడ్ రోబస్టా, చిక్కమగళూరు అరబికా, బాబాబుడాన్‌గిరి అరబికాలతో పాటు అరకు వ్యాలీ అరబికాకు కూడా భౌగోళిక గుర్తింపు లభించింది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరుచుకుంది. 2023లో న్యూఢిల్లీలో జరిగిన జీ20 సదస్సుకు వచ్చిన నేతలకు ఇచ్చిన కానుకల్లో అరకు కాఫీ ఉంది. 2025 మార్చిలో పార్లమెంటు ప్రాంగణంలో అరకు కాఫీ స్టాళ్లు ఏర్పాటయ్యాయి.

రుచి విషయానికొస్తే, అరకు అరబికాలో చిక్కదనం తక్కువ నుంచి మధ్యస్థం వరకు ఉంటుంది. బెల్లాన్ని తలపించే తీపి, నిమ్మజాతి పండ్ల పులుపు దాని ప్రత్యేకతలు. కర్ణాటక కొండల అరబికాలో పులుపు కాస్త సౌమ్యంగా, చాక్లెట్ ఛాయ ఎక్కువగా ఉంటుంది. వయనాడ్ రోబస్టా చిక్కదనానికి పేరు. ఇవి స్థూలమైన గుర్తులు మాత్రమే. ఒకే కొండ మీద రెండు తోటల గింజలు వేర్వేరు రుచులు ఇవ్వడం మామూలే.

పండును శుద్ధి చేసిన తీరు

కాఫీ గింజ ఎర్రని చిన్న పండులోని విత్తనం. పండును గింజగా మార్చే పద్ధతి రుచిని ఎంతగానో మారుస్తుంది. మన విపణిలో ప్రధానంగా నాలుగు పద్ధతుల గింజలు కనిపిస్తాయి.

మొదటిది కడిగిన గింజ. పండు తొక్క, గుజ్జు తీసి, జిగురు పోయేలా పులియబెట్టి, కడిగి ఆరబెడతారు. రుచి తేటగా, పులుపు స్పష్టంగా ఉంటుంది. ఇలా శుద్ధి చేసిన అరబికాను మన దేశంలో ‘ప్లాంటేషన్’ అని, రోబస్టాను ‘పార్చ్‌మెంట్’ అని వ్యవహరిస్తారు.

రెండోది పండుతో సహా ఎండబెట్టిన గింజ. దీనిని ‘చెర్రీ’ అంటారు. గుజ్జులోని తీపి గింజకు పడుతుంది. శ్రద్ధగా చేస్తే మగ్గిన పండ్ల వాసన వస్తుంది. శ్రద్ధ తప్పితే పులిసిన వాసన, మట్టి వాసన వస్తాయి.

మూడోది హనీ పద్ధతి. ఇందులో తేనె కలపరు. తొక్క తీసి, జిగురును గింజకే ఉంచి ఆరబెడతారు. తీపిలోను, తేటదనంలోను ఇది మొదటి రెండింటికీ మధ్యస్థం.

నాలుగోది మాన్‌సూన్డ్ మలబార్. పశ్చిమ తీరంలోని గోదాముల్లో గింజలను పరిచి, నైరుతి రుతుపవనాల తేమగాలి తగిలేలా వారాల తరబడి ఉంచుతారు. గింజ ఉబ్బి పాలిపోతుంది, పులుపు బాగా తగ్గుతుంది. ఓడల కాలంలో ఐరోపాకు నెలల తరబడి సాగిన సముద్ర ప్రయాణంలో గింజకు సహజంగా కలిగిన మార్పును ఇలా తిరిగి సాధిస్తున్నారు. కాఫీలో పులుపు గిట్టనివారికి ఇది అనువైన ఎంపిక.

వేపుడు: లేత, మధ్యస్థం, ముదురు

పచ్చి గింజకు కాఫీ వాసన ఉండదు. ఆ పరిమళం వేపుడులో పుడుతుంది. గింజ వేడి సుమారు 200 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి చిటపటమని పేలుతుంది. దీనిని తొలి పేలుడు అంటారు. అది ముగిసిన కాసేపటికే దించితే లేత వేపుడు. మరికొంత సేపు ఉంచితే మధ్యస్థం. రెండో పేలుడు దాకా వెళితే ముదురు వేపుడు.

లేత వేపుడులో గింజ పుట్టిన నేల గుణం, పులుపు, పండ్ల వాసన నిలుస్తాయి. మధ్యస్థ వేపుడులో పులుపు, తీపి, చేదు సమతూకంలో ఉంటాయి. వేరుశెనగ, పాకం వంటి రుచులు తోడవుతాయి. ముదురు వేపుడులో గింజ గుణం కంటే వేపుడు గుణమే పైచేయి అవుతుంది. గింజ మీద నూనె తేలి మెరుస్తుంది. నాసి గింజల లోపాలను కప్పిపుచ్చడానికి ముదురు వేపుడు ఉపయోగపడుతుందన్నది కొనుగోలుదారు గుర్తుంచుకోవలసిన విషయం. సంప్రదాయ ఫిల్టర్ కాఫీకి మధ్యస్థం నుంచి కాస్త ముదురు వరకు ఉన్న వేపుడు నప్పుతుంది.

చికోరీ: దోషం కాదు, దాపరికమే దోషం

చికోరీ ఒక మొక్క వేరు. దానిని ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. మన దేశంలో గుజరాత్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాల్లో పండుతుంది. అందులో కెఫీన్ ఉండదు. డికాషన్‌కు ముదురు రంగు, చిక్కదనం, కాల్చిన బెల్లం వంటి తీపి కలిసిన చేదు ఇస్తుంది. తక్కువ పొడితోనే చిక్కని డికాషన్ వస్తుంది కనుక ఖర్చు కూడా తగ్గుతుంది. తెలుగు, తమిళ ప్రాంతాల్లో అనేక కుటుంబాలకు చికోరీ లేని కాఫీ కాఫీలా అనిపించదు. అది అభిరుచికి సంబంధించిన విషయం, తప్పేమీ లేదు.

అయితే కాఫీ ధర చెల్లించి చికోరీ కొంటున్నామా అన్నది చూసుకోవాలి. దేశంలోని ఆహార భద్రత నిబంధనల ప్రకారం కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. రెండూ ఎంతెంత శాతం ఉన్నాయో పొట్లం మీద ముద్రించాలి. ఒకే ధరకు దొరికే రెండు పొట్లాల్లో ఒకదానిలో 80 శాతం కాఫీ, మరొకదానిలో 53 శాతం కాఫీ ఉండవచ్చు. పొట్లం ముందు భాగంలోని పెద్ద అక్షరాలు కాక, వెనుక ఉన్న ఈ అంకెలను చదవాలి. అలవాటైన రుచి తెలియనివారు 80:20 నిష్పత్తితో మొదలుపెట్టి, కావలసిన వైపు జరగవచ్చు.

పొట్లం మీద చూడవలసినవి

అన్నిటికంటే ముందు వేయించిన తేదీని చూడాలి. ‘ఇన్ని నెలల్లోగా వాడండి’ అన్న గడువు దీనికి ప్రత్యామ్నాయం కాదు. వేయించిన తరువాత కొద్ది రోజుల పాటు గింజ నుంచి కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంటుంది. అందుకే మంచి పొట్లాలకు గాలి బయటికి మాత్రమే పోనిచ్చే చిన్న కవాటం ఉంటుంది. వేయించిన వారం నుంచి నాలుగైదు వారాల లోపు గింజ మంచి స్థితిలో ఉంటుంది. పొడి చేశాక పరిమళం చాలా వేగంగా పోతుంది. ఇంట్లో చిన్న మర ఉంటే గింజలే కొని, ఏ పూటకు ఆ పూట విసురుకోవడం అన్నిటికంటే మేలు. మర లేనివారు రెండు వారాలకు సరిపడేంత పొడిని మాత్రమే కొనాలి.

తరువాత చూడవలసింది గింజ శ్రేణి. ఏఏ, ఏ, బి, సి అన్న అక్షరాలు గింజ పరిమాణాన్ని సూచిస్తాయి. పెద్ద గింజలు ఒకే రీతిగా వేగుతాయన్న మాట నిజమే గాని, పరిమాణమే రుచి కాదు. ‘పీబెర్రీ’ అంటే పండులో రెండు అర్ధగింజలకు బదులు ఒకే గుండ్రని గింజ ఏర్పడటం. తెలుగు పట్టణాల్లో పాత కాఫీ పొడి దుకాణాలు పీబెర్రీకి, ప్లాంటేషన్ ఏకు విడివిడిగా ధర చెప్పడం చాలామందికి తెలిసినదే. ఏరిన గుండు గింజలు సమంగా వేగుతాయి. అంతకు మించిన మహత్తు వాటికి లేదు.

తోట పేరు, ఎత్తు, మొక్క రకం, శుద్ధి పద్ధతి ముద్రించిన పొట్లం నమ్మదగినదని చెప్పవచ్చు. సెలక్షన్ 795, సెలక్షన్ 9, కావేరి, చంద్రగిరి అన్నవి మన దేశంలో ప్రాచుర్యంలో ఉన్న అరబికా రకాలు. ఇన్‌స్టంట్ కాఫీ వాడేవారు కూడా కాఫీ, చికోరీ శాతాలను, పొడిగా చేసిన పద్ధతిని గమనించాలి. శీతలీకరించి ఆరబెట్టిన రకంలో పరిమళం కాస్త ఎక్కువగా నిలుస్తుంది. గుంటూరు జిల్లా దుగ్గిరాల నుంచి ఇన్‌స్టంట్ కాఫీ అనేక దేశాలకు ఎగుమతి అవుతోంది.

కాచే పద్ధతికి తగిన పొడి

దక్షిణాది ఫిల్టర్‌కు మెత్తదనం మధ్యస్థంగా, కాస్త మెత్తవైపు ఉండాలి. మరీ మెత్తనైతే నీరు దిగదు, మరీ బరకైతే డికాషన్ పలచబడుతుంది. 20 గ్రాముల పొడికి సుమారు 120 మిల్లీలీటర్ల మరిగిన నీరు పోసి, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు దిగనివ్వాలి. ఫ్రెంచ్ ప్రెస్‌కు బొంబాయి రవ్వలా బరకగా ఉండాలి, నానే సమయం నాలుగు నిమిషాలు. కాగితపు వడపోతకు మధ్యస్థంగా, ఎస్ప్రెసోకు మెత్తగా ఉండాలి. పాలు లేని కాఫీకి ఒక గ్రాము పొడికి 15 నుంచి 17 గ్రాముల నీరు అన్న నిష్పత్తి అంతటా అనుసరిస్తున్నదే. కాఫీ పుల్లగా, పలచగా ఉంటే పొడిని మరికాస్త మెత్తగా విసరాలి. చేదుగా, వగరుగా ఉంటే బరకగా విసరాలి. గింజను మార్చే ముందు ఈ సర్దుబాటు చేసి చూడటం వివేకం.

ఢిల్లీ నీరు, ఢిల్లీ ఎండ

కప్పు కాఫీలో నూటికి 98 పాళ్లకు పైగా నీరే ఉంటుంది. ఢిల్లీలో, పరిసర నగరాల్లో బోరు నీరు చాలాచోట్ల కఠినంగా ఉంటుంది. అటువంటి నీటిలోని బైకార్బనేట్లు కాఫీలోని పులుపును అణచివేస్తాయి. ఫలితంగా ఖరీదైన అరబికా కూడా చప్పగా తోస్తుంది. అందుకు విరుగుడుగా వాడే ఆర్వో నీటిలో ఖనిజాలు మరీ తగ్గిపోతే రుచి పలచబడుతుంది. కాఫీకి లీటరుకు సుమారు 150 మిల్లీగ్రాముల లవణాలున్న నీరు అనువైనదని అంతర్జాతీయ నిపుణుల సూచన. ఆర్వో యంత్రంలో లవణాల మోతాదును సర్దుబాటు చేసుకునే వీలుంటే దీనిని దృష్టిలో ఉంచుకోవచ్చు. ఊళ్లో బాగున్న పొడి ఇక్కడ బాగాలేదనిపిస్తే మొదట నీటిని మార్చి చూడాలి.

మే, జూన్ నెలల వేడిలో గింజలు త్వరగా పాడవుతాయి. గాలి, వెలుతురు, తేమ చొరబడని డబ్బాలో, పొయ్యికి దూరంగా నిల్వ చేయాలి. ఫ్రిజ్‌లో పెట్టి మాటిమాటికీ తీస్తే గింజ తేమను, ఇంగువ, ఉల్లి వంటి వాసనలను పీల్చుకుంటుంది. ఎక్కువగా కొన్నప్పుడు చిన్న చిన్న పొట్లాలుగా గట్టిగా మూసి, డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, ఒక్కొక్కటే బయటికి తీసి వాడుకోవచ్చు.

ఇంట్లో రుచి పరీక్ష

నిపుణులు అనుసరించే పద్ధతిని ఇంట్లో తేలికగా పాటించవచ్చు. మూడు రకాల గింజలు 100 గ్రాముల చొప్పున తీసుకోండి. ఒకటి కడిగిన అరబికా, రెండోది పండుతో ఎండబెట్టిన అరబికా, మూడోది కడిగిన రోబస్టా అయితే తేడాలు స్పష్టంగా తెలుస్తాయి. మూడూ ఒకే స్థాయి వేపుడులో ఉండాలి.

ఒకే రకమైన మూడు గ్లాసుల్లో 8 గ్రాముల చొప్పున బరక పొడి వేసి, మరిగి దించిన నీటిని 150 మిల్లీలీటర్ల చొప్పున పోయండి. నాలుగు నిమిషాల తరువాత పైన తేలిన తెట్టెను చెంచాతో పక్కకు జరుపుతూ వాసన చూడండి. తెట్టె తీసేసి, పది నిమిషాలు ఆరనిచ్చి, చెంచాతో చప్పరించండి. గ్లాసుల అడుగున గుర్తులు పెట్టి, ఏది ఏదో తెలియకుండా మరొకరి చేత అమర్పిస్తే ధర, పేరు మీ తీర్పును ప్రభావితం చేయవు. వేడిగా ఉన్నప్పుడు, గోరువెచ్చన అయ్యాక, చల్లారాక మూడుసార్లు రుచి చూడండి. చల్లారాక కూడా బాగుండటం మంచి గింజకు గుర్తు.

నోట్ చేసుకోవలసినవి ఐదు: తీపి, పులుపు, చేదు, చిక్కదనం, మింగాక మిగిలే రుచి. ‘జాస్మిన్’, ‘బ్లూబెర్రీ’ వంటి పొట్లం మాటలు మీకు తట్టకపోతే చింతించనక్కరలేదు. తాటిబెల్లం, ఎండు ఖర్జూరం, వేయించిన నువ్వులు, దబ్బపండు తొక్క, పచ్చి జామ వంటి మన వంటింటి పోలికలే మీకు నిజంగా ఉపయోగపడతాయి. చివరగా మూడింటికీ మీరు రోజూ వాడే పాలు, చక్కెర కలిపి మరోసారి చూడండి. ముందు గెలిచిన గింజ ఇప్పుడు ఓడిపోవచ్చు. రోజూ పాలతోనే తాగేవారు ఈ రెండో తీర్పునే పాటించాలి.

అభిరుచిని బట్టి ఎంపిక

• చిక్కని పాలతో సంప్రదాయ ఫిల్టర్ కాఫీ ఇష్టపడేవారికి: ప్లాంటేషన్ అరబికా, కడిగిన రోబస్టాల మిశ్రమం, మధ్యస్థం నుంచి కాస్త ముదురు వేపుడు, కావాలంటే 10 నుంచి 20 శాతం చికోరీ.

• పాలు లేకుండా, తేటగా, పండ్ల పులుపుతో కోరుకునేవారికి: కడిగిన అరకు అరబికా, లేత లేదా మధ్యస్థ వేపుడు, కాగితపు వడపోత.

• పులుపు గిట్టక, పాలు లేకుండా తాగేవారికి: మాన్‌సూన్డ్ మలబార్ లేదా చాక్లెట్ ఛాయ ఉన్న కర్ణాటక అరబికా, మధ్యస్థ వేపుడు, ఫ్రెంచ్ ప్రెస్.

• తీపి, మగ్గిన పండ్ల వాసన ఇష్టపడేవారికి: పండుతో ఎండబెట్టిన అరబికా లేదా హనీ పద్ధతి గింజ.

• కెఫీన్ తగ్గించుకోవాలనుకునేవారికి: 100 శాతం అరబికా లేదా చికోరీ పాలు ఎక్కువగా ఉన్న మిశ్రమం.

ఎంత తాగాలి?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారత వైద్య పరిశోధన మండలితో కలిసి వెలువరించిన ఆహార మార్గదర్శకాలు రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు మించరాదని సూచించాయి. వాటి ప్రకారం 150 మిల్లీలీటర్ల డికాషన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. భోజనానికి గంట ముందు, గంట తరువాత కాఫీ, టీలు తాగవద్దని కూడా అవి సలహా ఇచ్చాయి. వీటిలోని టానిన్లు ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడటమే అందుకు కారణం. రక్తహీనత ఉన్నవారు, గర్భిణులు ఈ విషయంలో మరింత జాగ్రత్త పాటించి, వైద్యుల సలహా తీసుకోవాలి.

ఎంపిక ప్రభావం తోట దాకా

కొనుగోలుదారు పొట్లం మీది వివరాలు అడగడం మొదలుపెడితే దాని ఫలితం మన్యంలోని తోట దాకా చేరుతుంది. పచ్చి కాయ, పండు కాయ కలిపి ఒకేసారి దూసేస్తే కూలి ఖర్చు తగ్గుతుంది గాని, రుచి చెడుతుంది. ఎర్రగా పండిన కాయలనే ఏరి కోయాలంటే నవంబరు నుంచి కోత ముగిసేదాకా ఒకే మొక్క దగ్గరికి పలుమార్లు వెళ్లాలి. ఆ శ్రమకు తగిన ధర దక్కినప్పుడే రైతు దానిని కొనసాగిస్తాడు. దుకాణంలో పొట్లం తిప్పి చూసి, ‘ఏ ప్రాంతం గింజ, ఎప్పుడు వేయించారు, చికోరీ ఎంత?’ అని అడిగే మూడు ప్రశ్నలు మీకు నచ్చిన కాఫీని మీ చేతికి అందిస్తాయి. పాడేరు, చింతపల్లి, అనంతగిరి కొండల్లో పండు కాయనే ఏరి కోసిన ఆదివాసీ రైతు శ్రమకు విలువ నిలిచేది కూడా ఆ ప్రశ్నలతోనే.